కూడితే రాని మొత్తం

లక్ష్మిప్రియది మదురై దగ్గర వాడిపట్టి పక్కన ఒక పల్లె. తండ్రి దొరైసామి వరి, అరటి వేస్తాడు. ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే తమిళం, పనిచేసే చోట సగం ఇంగ్లీషు. తెలుగు అక్షరం మాత్రం ఆమెకు ఒక్కటీ రాదు. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు లేరు గానీ, ఆ ఇళ్ళలో అందరిదీ ఇదే తీరు. మాట నోట్లో మిగిలింది, రాత మిగల్లేదు.

కంప్యూటర్ డిగ్రీ పూర్తయ్యాక ఆమె మదురైలో ఒక రక్తదాన ట్రస్టులో చేరింది. ఆ ట్రస్టు రక్తం తీసుకోదు, నిలవ చేయదు. కంబం లోయ నుంచి తిరునెల్వేలి దాకా, ఇటు కోయంబత్తూరు దాకా, ఊరూరా ఉన్న రక్తనిధి కేంద్రాలు తమ దాతల వివరాలు పంపిస్తాయి. వాటినన్నిటినీ ఒక డేటాబేస్‌లో చేర్చడం, ఎవరికైనా రక్తం కావలసి వస్తే దాతకు ఫోన్ చేయడం ట్రస్టు పని. చేర్చడం లక్ష్మిప్రియ వంతు. నెలకొకసారి సారాంశం నివేదిక తీసి ఇవ్వడమూ ఆమె వంతే. ఊరి పేరు, రక్తం గ్రూపు, ఆ ఊళ్ళో ఆ గ్రూపు దాతలు ఎంతమంది. అన్నిటి అడుగున మొత్తం.

ఆ నివేదిక ఆమె రాకముందే ఎవరో తయారుచేసి పెట్టారు. మీట నొక్కితే వస్తుంది. పైవరుసలన్నీ కూడితే అడుగున ఉన్న మొత్తం సరిగ్గా వస్తుంది. అలా వచ్చినప్పుడల్లా ఆమెకు వాకిలి ఊడ్చి ముగ్గేసినంత తృప్తిగా ఉండేది.

ఆడి నెల గాలి విపరీతంగా వీస్తున్న ఒక ఉదయం ట్రస్టు డాక్టరు దినకరన్ ఆమెను గదిలోకి పిలిచారు. కోయంబత్తూరులో ఒక ఆసుపత్రి నుంచి అప్పుడే ఫోన్ వచ్చింది. అభిరామి అనే అమ్మాయి నిండు గర్భిణి. మాయ కిందికి దిగి ఉంది, ఆపరేషన్ చేసే బిడ్డను తీయాలి. రక్తం బాగా పోతుందని వాళ్ళ భయం. రెండు వారాల్లోపల మూడు యూనిట్లు సిద్ధంగా ఉంచుకుంటే తప్ప కత్తి పట్టేది లేదంటున్నారు.

"గ్రూపేంటి సార్?" అని అడిగింది లక్ష్మిప్రియ.

"బొంబాయి గ్రూపు."

ఆ పేరు ఆమెకు తెలుసు. మొదట బొంబాయిలో కనిపెట్టారు గనక ఆ పేరు వచ్చింది. మామూలు పరీక్షలో అది 'ఓ' గ్రూపులాగే కనిపిస్తుంది. కానీ 'ఓ' రక్తం ఎక్కిస్తే ఆ ఒళ్ళు ఒప్పుకోదు, ప్రాణం మీదికి వస్తుంది. అదే రక్తం ఉన్న మరో మనిషి ఇస్తేనే పనికొస్తుంది. వేలమందిని వెతికినా అలాంటివాళ్ళు ఒకరు దొరకడం కష్టం.

డాక్టరుగారు గత నెల నివేదిక తిరగేసి ఆ వరుస దగ్గర వేలు పెట్టారు. కంబంలో ఒకరు. తేనిలో ఒకరు. దిండిగల్, మేలూరు, విరుదునగరం, పొల్లాచ్చి, ఇలా ఊరికొకరు. కోయంబత్తూరులోనే ఒకరున్నారు. మొత్తం తొమ్మిది.

"తొమ్మిదిమంది ఉన్నారమ్మా!" ఆయన మొహం విప్పారింది. "మనకు కావలసింది ముగ్గురు. దగ్గరివాళ్ళ నుంచి మొదలుపెట్టు."

లక్ష్మిప్రియ తన బల్ల దగ్గరికి వచ్చి కోయంబత్తూరు దాతకు ఫోన్ చేసింది. సెల్లప్పన్ అని ఉంది పేరు. రెండో గంటకే ఎత్తాడు. వెనక ఇంజను చప్పుడు, గాలి హోరు. ఆమె తమిళంలో సంగతి చెప్పింది. "వస్తాను తాయీ. రేపు మదురైలో సరుకు దించేసి వస్తాను. ఎక్కడికి రావాలి?" అన్నాడు. ఆమె చిరునామా చెప్పింది. ఎవరికి అని అతను అడగలేదు.

తర్వాత తేని నంబరు. అది వాడుకలో లేదట. మూడోది మేలూరు. పేరు చెల్లప్ప. ఎత్తగానే అదే ఇంజను, అదే గాలి.

"ఇప్పుడేగా పిలిచావు తాయీ? రేపు వస్తానన్నాను గదా."

పొరపాటున మొదటి నంబరే మళ్ళీ నొక్కానేమో అనుకుని చూసుకుంది. కాదు. నంబర్లు వేరే. ఏం మాట్లాడాలో తోచక ఒక్క క్షణం ఆగింది. అవతల ఆ మనిషి పక్కనున్న ఎవరినో గట్టిగా కేకేశాడు.

"ఆ తార్పాలు బిగించి కట్రా, గాలికి లేస్తుండాది!"

లక్ష్మిప్రియ ఉలిక్కిపడింది. అది తన ఇంటి మాట.

"పెద్దనాయనా, మీరు తెలుగోళ్ళా?" అనేసింది.

అవతల ఇంజను ఆగింది. "ఆమా తల్లీ. కంబం పక్కన మాది. నువ్వు యాడ?"

"వాడిపట్టి కాడ. పెద్దనాయనా, మీకి రెండు నంబర్లు ఉండాయా?"

"రెండుండాయి. ముందు ఇంగోటి ఉండె, అది పోయింది. ఏంటికమ్మా?"

"ఏమీ లేదు. మీరు రండి, రేపు చెప్తాను."

ఫోన్ పెట్టేసి ఆమె నివేదిక వైపు చూడలేదు. దాని వెనక ఉన్న అసలు వివరాలు తెరిచింది. ఊళ్ళు పంపిన వరుసలు ఒక్కొక్కటే విప్పి పక్కపక్కన పెట్టింది. ఒకచోట చెల్లప్ప, ఒకచోట సెల్లప్పన్, ఒకచోట ఎ. చెల్లప్పన్, ఇంకొకచోట సెల్లప్పసామి. తమిళంలో 'చ'కూ 'స'కూ ఒకటే అక్షరం. గుమాస్తా చెవికి ఎలా వినబడితే ఇంగ్లీషులో అలా ఎక్కించాడు. తండ్రి పేరు అన్నిచోట్లా అళగర్‌సామి. పుట్టిన తేదీ ఒకటే. రెండు చోట్ల మాత్రం నెలా రోజూ తారుమారయ్యాయి. వేలి దగ్గర పాత మచ్చ అని గుర్తు రాసినచోట్ల కూడా అదే వేలు.

తొమ్మిది వరుసలూ ఒకే మనిషి.

అభిరామి ఎవరో ఆమెకు తెలియదు, మొహం చూడలేదు. కానీ తొమ్మిదిమంది ఉన్నారని నమ్మి ఆ అమ్మాయిని ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించి ఉంటే?

డాక్టరుగారి గదికి వెళ్ళి, "సార్, ఉన్నది ఒక్కరే," అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"పొద్దున నేనొచ్చిన బస్సును వాడిపట్టిలో ఒకడు లెక్కపెట్టాడనుకోండి. సమయనల్లూరులో ఇంకొకడు, అరప్పాళయంలో మరొకడు. ముగ్గురూ 'ఒక బస్సు వచ్చింది' అని నిజమే రాస్తారు. ఆ మూడూ కూడి మూడు బస్సులంటే ఎలా? మన నివేదిక ఊరికి ఊరు విడిగా లెక్కపెడుతోంది. ఏ ఊరి వరుసలోనూ తప్పు లేదు సార్. అడుగున వాటిని కూడిన మొత్తమే తప్పు. మనుషులు ఎంతమందో తెలియాలంటే ఊళ్ళ హద్దులు తీసేసి, ఒక్కో మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలి."

దినకరన్ గారు నివేదిక కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. "చూపించు," అన్నారు.

ఆమె కంప్యూటర్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఊరు అనే గడి తీసేసి, అతను రక్తం ఇచ్చిన సందర్భాలన్నిటినీ తేదీల వరసన పేర్చింది. అంతవరకు ఆమెలో ఉన్నది భయం. తెర మీద ఆ వరస నిండుతున్నకొద్దీ అది మెల్లగా వేరేదిగా మారింది. కంబంలో మొదలయింది. కొన్ని నెలలకు దిండిగల్. తర్వాత తిరునెల్వేలి. ఒక దీపావళి ముందురోజు విరుదునగరంలో. మళ్ళీ దిండిగల్, పొల్లాచ్చి, మేలూరు. చట్టం ఎన్నాళ్ళు ఆగమంటుందో అన్నాళ్ళు ఆగడం, పిలుపు వస్తే ఎంత దూరమైనా పోవడం. ఏళ్ళకు ఏళ్ళు. తెర చాలక ఆమె కిందికి జరుపుతూ పోయింది, ఆ వరస ఇంకా వస్తూనే ఉంది.

ఏ ఊరికి ఆ ఊరు, మా దగ్గర ఒక దాత ఉన్నాడని నిశ్చింతగా ఉంది. అన్ని ఊళ్ళ నిశ్చింతనూ ఒక్క ఒళ్ళు మోస్తూ వచ్చింది.

డాక్టరుగారు, "ఈయన్ని నేను చూడాలి," అన్నారు మెల్లగా.

మర్నాడు మధ్యాహ్నం చెల్లప్ప వచ్చాడు. యాభై దాటిన మనిషి. బక్కపలచగా, మోకాళ్ళ మీదికి మడిచి కట్టిన పంచె, గళ్ళ చొక్కా. ద్రాక్ష లోడు మదురై మార్కెట్లో దించి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కాకు ఎండుగడ్డి అంటుకుని ఉంది. పక్క వీధిలోని రక్తనిధి కేంద్రంలో రక్తం ఇచ్చి, వాళ్ళు ఇచ్చిన టీ, బిస్కట్లు తీసుకుని, ట్రస్టు ఆఫీసులో లక్ష్మిప్రియ ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇస్తుండారు పెద్దనాయనా?"

"ముందు నాకే ఎక్కించినారమ్మా," అన్నాడు. "తేని రోడ్డులో బండి తిరగబడింది. ఆసుపత్రిలో ఏ రక్తం చూసినా ఒప్పలే. మా ఆడోళ్ళు ఏడ్చి ఏడ్చి ఆశ వదిలేసినారు. అప్పురం బెంగుళూరు నుంచి ఎవరో ఇచ్చినారంట, ఐసు పెట్టెలో వచ్చింది. ఎవరో తెలీదు. మొగమా ఆడా, అది కూడా తెలీదు. ఆ మనిషికి నేనేమి తిరిగి ఇచ్చేది? అందుకే పిలిస్తే పోతుండాను."

టీ గ్లాసు కింద పెట్టి, కాస్త ముందుకు వంగాడు.

"ఒకటి అడగనా తల్లీ? దిండుక్కల్‌లో నా మాదిరే ఒకాయన ఉండాడంట. పొల్లాచ్చిలో ఒకరంట. పోయిన ప్రతిచోటా చెప్తారు, 'భయం వద్దు, పక్క జిల్లాలో ఇంగొకాయన ఉండాడు' అని. వాళ్ళను ఒక్కసారి చూడాలని రొంబ ఆశ. నీ కంప్యూటర్లో అడ్రసు ఉంటాది గదా?"

లక్ష్మిప్రియ కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది. అతనికి ఇంగ్లీషు రాదు. ఆమె ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చదివింది. దిండుక్కల్ సెల్లప్పన్, తండ్రి అళగర్‌సామి. పొల్లాచ్చి సెల్లప్పసామి, తండ్రి అళగర్‌సామి. మేలూరు చెల్లప్ప.

నాలుగో పేరు దగ్గర అతను పకపకా నవ్వాడు. "అదీ నేనేనా?" ఇంకో పేరు చదివేసరికి నవ్వు ఆగిపోయింది. అన్నీ విన్నాక చేతులు ఒడిలో పెట్టుకున్నాడు.

"అయితే నాకి తోడు ఎవరూ లేరా?" అన్నాడు.

దానికి జవాబు దినకరన్ గారి దగ్గర దొరికింది. ఆయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. తెలుగు రాకపోయినా విషయం పోల్చుకున్నారు. ఈ రక్తం గాలిలోంచి ఊడిపడదని, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే వస్తుందని, తోడబుట్టినవాళ్ళలో ఉండడానికి అవకాశం ఉంటుందని తమిళంలో నిదానంగా చెప్పారు. "మీకు అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉన్నారా?"

"ఒక అక్క ఉండాది. పాప్పమ్మాళ్. అది 'ఓ' గ్రూపు అని ఎప్పుడో రాసిచ్చినారే."

"మిమ్మల్ని కూడా మొదట 'ఓ' గ్రూపు అనే రాసి ఉంటారు."

చెల్లప్ప నోరు తెరుచుకుని చూశాడు.

"మీ ఊళ్ళో పెళ్ళిళ్ళు ఎక్కువగా దగ్గరివాళ్ళలోనేనా?"

"మాలో మాకే అయ్యా. మేనమామ, అత్త కొడుకు. మా తాత కాలం నుంచీ అంతే."

"అయితే మీ ఊరు నేను రావాలి," అన్నారు డాక్టరుగారు.

రెండు రోజులకు ఆయన, రక్తనిధి ల్యాబ్‌లో పనిచేసే మాయాండి, లక్ష్మిప్రియ జీపులో బయలుదేరారు. లోయలోకి దిగుతుంటే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష పందిళ్ళు, వాటి వెనక అరటి, అన్నిటి వెనకా నీలంగా కొండలు. చెల్లప్ప ఊరి చివర, ద్రాక్ష పెట్టెల్లో సర్దే రేకుల షెడ్డులో ఏర్పాటు చేశాడు. పెట్టెలు ఒక గోడకు చేర్చి బెంచీలు వేశారు. పనికి పోవలసిన వాళ్ళు కూడా పూట మానుకుని వచ్చారు. పిల్లలను పెద్దలు వెనక్కి పంపేశారు.

లక్ష్మిప్రియ ల్యాప్‌టాప్ తెరిచి మొదటి మనిషిని పేరు అడిగింది.

"చెల్లప్ప."

"మీ పేరు కూడానా?"

"తాత పేరమ్మా."

రెండో మనిషి పేరు అళగర్‌సామి. మూడో మనిషి మళ్ళీ చెల్లప్ప. తండ్రి పేరు కూడా అళగర్‌సామి. కాసేపటికి మరో చెల్లప్ప వచ్చాడు. వాళ్ళు ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. ఆడవాళ్ళలో వెంకటమ్మాళ్‌లు ఎంతమందో. పుట్టిన తేదీ అడిగితే ఒకావిడ, "పెద్ద గాలివాన వచ్చినేడు" అంది.

లక్ష్మిప్రియ చేతులు మీటల మీద ఆగిపోయాయి. పట్నంలో ఒక్క మనిషి తొమ్మిది పేర్లుగా చీలిపోయాడు. ఇక్కడ ఒక్క పేరులో ఇంతమంది మనుషులు కలిసిపోయి కూర్చున్నారు. పేరును బట్టి లెక్కపెడితే ఈ షెడ్డు మొత్తం గుప్పెడుమంది అవుతారు. ఊరిని బట్టి కూడితే ఎక్కువ, పేరును బట్టి ఏరితే తక్కువ. మనిషి ఆ రెంటికీ అందకుండా తన మానాన తాను ఎదురుగా కూర్చుని, చెమట తుడుచుకుంటూ, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

ఆమె పద్ధతి మార్చింది. ఒక్కొక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, చీటీ మీద రాసి చొక్కాకో పైటకో అంటించింది. ఆ సంఖ్య కింద తల్లి పేరు, తల్లి పుట్టిల్లు, ఇల్లు ఎక్కడ, అన్నీ ఎక్కించింది. ఇక ఆ సంఖ్య ఆ ఒక్కరిదే. ఇంకెవరికీ పోదు, ఇంకొకటి అతనికి రాదు.

మాయాండి గాజు పలకల మీద ఒక్కో చుక్క రక్తం వేసి, దాని పక్కన మందు చుక్క కలుపుతున్నాడు. మామూలు రక్తం అయితే కాసేపట్లో విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతుంది. చెల్లప్ప లాంటి రక్తం అలాగే నున్నగా నిలిచి ఉంటుంది. వరసగా పలకలన్నీ విరుగుతున్నాయి. జనం మెడలు చాచి చూస్తున్నారు.

పాప్పమ్మాళ్ వంతు వచ్చింది. చెల్లప్ప కన్నా నాలుగైదేళ్ళు పెద్దది. గట్టి మనిషి, తమ్ముడి లాంటి మొహమే. చుక్క పడింది. మాయాండి పలకను ఇటూ అటూ ఊపాడు. ఆగి, మళ్ళీ ఊపాడు. వెలుతురులోకి పట్టి చూశాడు.

ఏమీ విరగలేదు. ఎర్రగా, నున్నగా, అద్దంలా ఉంది.

రేకుల మీద గాలి చప్పుడొకటే వినిపిస్తోంది. చెల్లప్ప ఆ పలక వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఆమె వేలికి అదిమిపెట్టిన దూది మెల్లగా తీసి, ఆ ఎర్రటి చుక్కను, పుట్టినప్పటి నుంచి ఎరిగిన అక్కను ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ నిలబడిపోయాడు.

"నీదీ నాదీ ఒకటేనంట అక్కా," అన్నాడు.

"ఒక కడుపున పుట్టినాము, ఒకటిగాక ఏమైతాది?" అంది పాప్పమ్మాళ్. అని, కాసేపటికి గొంతు తగ్గించి లక్ష్మిప్రియను అడిగింది. "అమ్మి, నాకి రెండో బిడ్డప్పుడు రక్తం పోతా ఉంటే 'ఓ' రక్తం ఎక్కించాలని తెప్పించినారు. సీసా పక్కన పెట్టినారు. అప్పుడే రక్తం నిలిచిపోయింది, ఎక్కించలే. ఎక్కించి ఉంటే?"

లక్ష్మిప్రియ డాక్టరుగారికి తమిళంలో చెప్పింది. ఆయన పాప్పమ్మాళ్‌కు రెండు చేతులూ జోడించారు. ఆవిడకు జవాబు తెలిసిపోయింది.

మధ్యాహ్నం దాటేలోగా మరో రెండు పలకలు విరగలేదు. ఒకటి నందకుమార్ అనే కుర్రవాడిది, ట్రాక్టర్ తోలతాడు, చెల్లప్పకు పెదతండ్రి మనవడు. ఇంకొకటి పంకజవల్లిది. అరటి తోటల్లో పనికి పోయే మనిషి, ఈ ఊరి ఆడపడుచే, పక్క వీధి ఇంటికే కోడలిగా ఇచ్చారు. మదురైలో పెద్ద పరీక్షలు చేసి నిర్ధారించాలని డాక్టరుగారు హెచ్చరించారు గానీ, మాయాండి మొహం చూస్తే ఆ నిర్ధారణ అయిపోయినట్టే ఉంది.

పాప్పమ్మాళ్ ముందుగా చేయి చాపింది. "ఆ కోయముత్తూరు పిల్లకి నాది తీసుకోండి." కానీ ఆమె ఒంట్లోనే రక్తం తక్కువ, తీయకూడదన్నారు. ఆవిడకు కోపం వచ్చింది. నందకుమార్ సూది అంటే జంకాడు. పంకజవల్లి అత్తగారు, పనిచేసుకునే పిల్ల నీరసపడిపోతుందని అడ్డం పడింది. పాప్పమ్మాళ్ ఆ కోపాన్నంతా వాళ్ళ మీదికి మళ్ళించింది.

"నా తమ్ముడు ఇన్నేండ్లు ఊరూరూ తిరిగి ఇచ్చినాడు, నీరసపడినాడా? చూడు, మోకు లాగ ఉండాడు. ఒక ఆడపిల్ల బిడ్డను కనేదానికి పడుకుని ఉండాది. పోయిటి రండి, కండిప్పా పోవాల!"

పంకజవల్లి అత్తగారి వైపు తిరిగి నవ్వి, "నేను పోతానే అత్తా, ఏమీ కాదు," అంది. ఆమె ఒప్పుకున్నాక నందకుమార్‌కు ఇక వెనక్కి తగ్గడానికి లేకపోయింది. మరునాడు చెల్లప్ప తన బండిలోనే ఇద్దరినీ మదురై తీసుకొచ్చాడు. పెద్ద పరీక్షల్లోనూ అదే తేలింది. ఇద్దరూ ఇచ్చారు. మూడు యూనిట్లూ చలవపెట్టెలో కోయంబత్తూరు చేరాయి.

ఆపరేషన్ రోజు లక్ష్మిప్రియకు ఏ పనీ సాగలేదు. పదకొండు దాటాక ఫోన్ మోగింది. అభిరామి తల్లి. తమిళంలో మొదలుపెట్టింది, ఏడుపులో తెలుగులోకి జారింది.

"ఆడబిడ్డ అమ్మా. ఇద్దరూ బాగుండారు. రెండు సీసాలు ఎక్కించినారంట, మూడోది పెట్టుకోనుండారు."

లక్ష్మిప్రియ కళ్ళు తుడుచుకోవడం మరిచి, "మీరూ తెలుగోళ్ళేనా?" అంది.

"ఆమా. పల్లడం పక్కన పత్తి, జొన్న వేసేవాళ్ళం. ఇప్పుడు పిల్లలంతా మిల్లుల్లో ఉండారు."

ఫోన్ పెట్టాక ఆమె కిటికీ దగ్గర నిలబడింది. కంబం లోయలో కొందరు, పల్లడం పక్కన నల్లరేగడిలో ఒక ఇల్లు. వీళ్ళెవరూ వాళ్ళను చూడలేదు. పెళ్ళి సంబంధాలు లేవు, పేర్లు తెలియవు. ఎన్ని తరాల వెనకనో ఎక్కడో ఒక్క ఇంట్లోంచి బయలుదేరారా, లేక ఉత్త యాదృచ్ఛికమా? ఆమె అడిగినప్పుడు డాక్టరుగారు, "తెలుసుకోవచ్చు, తెలియకపోనూవచ్చు. ఈ రక్తం ఇంకా చాలా జాతుల్లో ఉంది," అన్నారు. అయినా ఆ రోజంతా ఆమెకు ఒళ్ళు గగుర్పొడుస్తూనే ఉంది. తనకు చదవడం రాని అక్షరాలేవో వాళ్ళ నరాల్లో ఇన్నాళ్ళూ చెరగకుండా ఉన్నాయనిపించింది.

ఆ నెల నుంచి నివేదిక మారింది. ఊరి వరుసలు అలాగే ఉన్నాయి. అడుగున మొత్తాన్ని మాత్రం ఆమె వాటిని కూడి వేయడం మానేసి, దాతలందరినీ ఊళ్ళతో పని లేకుండా మనిషికొకసారి లెక్కపెట్టి విడిగా వేసింది. అన్ని గ్రూపుల్లోనూ మొత్తం తగ్గింది. ఒక ఊరి కేంద్రం నుంచి గుమాస్తా ఫోన్ చేసి, మీ కూడిక తప్పిందని గొడవపడ్డాడు. ఆమె ఓపికగా చెప్పింది, అతను నమ్మలేదు, మళ్ళీ చెప్పింది. బొంబాయి గ్రూపు దగ్గర తొమ్మిది పోయి నాలుగు వచ్చింది. అందులో ఇవ్వగలిగినవాళ్ళు ముగ్గురు. ఆ నాలుగు మునుపటి తొమ్మిది కన్నా ఎంత పెద్దదో గుమాస్తాకు చెప్పడానికి ఆమెకు మాటలు దొరకలేదు.

సంక్రాంతి వెళ్ళాక, తై నెలలో అభిరామి భర్తతో, తల్లితో, బిడ్డతో కంబం వచ్చింది. దినకరన్ గారూ లక్ష్మిప్రియా కూడా వెళ్ళారు. పాప్పమ్మాళ్ వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. అభిరామి ఎవరికి ముందు దండం పెట్టాలో తెలియక తికమకపడుతుంటే, చెల్లప్ప సిగ్గుతో గోడ పక్కకు జరిగాడు. పంకజవల్లి ఆమెను పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. రెండు వైపుల తెలుగూ కాస్త వేరుగా ఉంది. ఒకరి మాటకు ఒకరు నవ్వుకున్నారు.

పాప్పమ్మాళ్ బిడ్డను ఒడిలోకి తీసుకుని, చిన్న చేతిని విప్పి ఎర్రటి అరచేతిని చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరుగారిని అడగమని లక్ష్మిప్రియకు చెప్పింది.

"ఈ బిడ్డకి కూడా మా రక్తమేనా?"

దినకరన్ గారు తల అడ్డంగా ఊపారు. తండ్రిది మామూలు రక్తం గనక బిడ్డదీ మామూలుదే వచ్చింది, పరీక్ష చేశామన్నారు. లక్ష్మిప్రియ ఆ మాటను తెలుగులో చెప్పింది. ఆవిడ నొచ్చుకుంటుందేమోనని కాస్త తడబడుతూ చెప్పింది.

పాప్పమ్మాళ్ పెద్దగా ఊపిరి వదిలి, బిడ్డ అరచేతిని తన బుగ్గకు ఆనించుకుంది.

"మంచిదాయె," అంది. "దీనికి ఎవరన్నా ఇయ్యచ్చు."